ముహూర్తం ఎన్నింటికో ముందు చెప్పండి: పెళ్లి కుదిరిన జంటలకు ఒక ఫోటోగ్రాఫర్ బహిరంగ లేఖ

పెళ్లి కుదిరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, పక్కన కూర్చుని ఖర్చులు రాసుకుంటున్న అమ్మానాన్నలకూ నమస్కారం.

నేను గుంటూరు, కృష్ణా జిల్లాల వైపు పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తుంటాను, పిలిస్తే హైదరాబాద్ కూడా వెళ్తాను. మాఘమాసం ముహూర్తాలు బయటికి రావడం ఆలస్యం, నా వాట్సాప్ నిండా రీల్స్ వచ్చి పడతాయి. కింద ఒక లైను, "అన్నా, మాకు సేమ్ ఇలాగే కావాలి" అని. తెరిచి చూస్తే ఉదయపూర్‌లో సరస్సు ఒడ్డున ప్యాలెస్, సాయంత్రం ఏటవాలు ఎండ, పట్టుమని యాభై మంది చుట్టాలు, అందరివీ ఒకే రంగు బట్టలు. నేను తిరిగి ఒకటే అడుగుతాను, ముహూర్తం ఎన్నింటికమ్మా అని. అర్ధరాత్రి దాటాక రెండింటికట. ఎక్కడ? ఏసీ ఫంక్షన్ హాల్లో. ఎంతమంది? వెయ్యి దాకా రావచ్చట. ఆ రీల్‌కీ ఈ పెళ్లికీ పోలికే లేదు, అయినా దాన్ని చూపించే ఫోటోగ్రాఫర్‌తో బేరమాడతారు, దాన్ని చూసే బట్టలు కొంటారు, డెకరేషన్ వాళ్లకూ దాన్నే ఫార్వర్డ్ చేస్తారు. పెళ్లయ్యాక ఆల్బమ్ చూసి "ఎందుకో రీల్‌లో వచ్చినట్టు రాలేదన్నా" అంటారు.

రాదు. మీ ఫోటోలు ఎలా ఉండబోతున్నాయన్నది, పురోహితుడు మీ ఇంట్లో కూర్చుని పంచాంగం తిప్పి టైము చెప్పిన రోజునే సగం తేలిపోతుంది. ఆ టైముకి వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది, మీకు అప్పటికి నిద్ర లేక ఎంతసేపవుతుంది, తాతయ్య అప్పటికి మెలకువగా ఉంటాడా, హాలు వాళ్లు ఎన్నింటికి ఖాళీ చేయమంటారు, ఇవన్నీ ముహూర్తాన్ని బట్టే. మీరేమో పురోహితుడితో, హాలు మేనేజరుతో, మేకప్ అమ్మాయితో, వంటవాళ్లతో విడివిడిగా టైములు మాట్లాడేసుకుని అన్నీ ఖాయమయ్యాక చివర్లో మాకు ఫోన్ చేసి డేట్ ఒక్కటి చెప్తారు. డేట్ మాకు బుకింగ్‌కి పనికొస్తుంది, ఫోటోకి పనికొచ్చేది టైము. ఈ ఉత్తరం మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: రీల్ పక్కన పెట్టి, మీ ముహూర్తం ముందు పెట్టుకుని, ఇటు అటు పన్నెండు గంటల్లో ఏం జరుగుతుందో ఒక కాగితం మీద రాసి అప్పుడు మమ్మల్ని పిలవండి.

రాత్రి పెళ్లిళ్లతో మొదలుపెడతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ అవే. లగ్నం మార్చుకోమని బుర్ర ఉన్న ఏ ఫోటోగ్రాఫరూ అడగడు. కానీ రాత్రి రెండింటికి హాల్లో ఉండే వెలుగంతా ఎవరో అద్దెకు తెచ్చి పెట్టిందే, ఆ పెట్టినవాళ్లు మీ మొహాల కోసం పెట్టలేదు, స్టేజీ దూరం నుంచి ధగధగలాడాలని పెట్టారు. మంటపం చుట్టూ ఊదా రంగు, గులాబీ రంగు పార్ లైట్లు (స్టేజీ మీదికి కొట్టే రంగుల లైట్లు), వెనకాల ఎల్ఈడీ వాల్ మీద తామరపూలు కదులుతూ ఉంటాయి. కంటికి బాగానే ఉంటుంది. కెమెరాలో పెళ్లికూతురి బుగ్గ ఒకటి ఊదా, ఒకటి ఆకుపచ్చ. ఎడిటింగ్‌లో సరిచేద్దామంటే మొహం మీద ఊదా తీసేసరికి పసుపు కూడా పోతుంది, కుంకుమ రంగు మారిపోతుంది. పైగా చవక ఎల్ఈడీలు కరెంటుతో పాటే వెలిగి ఆరుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద సార్లు ఆ వెలుగు పెరిగి తగ్గుతుంది, కంటికి తెలియదు, షట్టర్ వేగం (కెమెరా తెరుచుకుని మూసుకునే వేగం) పెంచితే మాత్రం ఫోటో మీద అడ్డంగా చారలు పడతాయి. తలంబ్రాలు గాల్లో ఆగినట్టు రావాలంటే షట్టర్ వేగం పెంచాలి. ఇప్పుడు చెప్పండి, ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

కాబట్టి డెకరేషన్ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే రెండు మాటలు చెప్పండి. గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా మంటపం మీద రంగు లైట్లు ఆపేసి, ముందువైపు నుంచి రెండు పక్కలా ఒకే రకం తెల్లటి వెలుగు ఉంచాలి, అది ఫ్లికర్ లేనిది, అంటే ఇందాక చెప్పినట్టు వెలిగి ఆరనిది కావాలి. ఎల్ఈడీ వాల్ ఉంటే ఆ సమయానికి బాగా తగ్గించాలి, లేదా ఆపేయాలి. సంగీత్‌కి, రిసెప్షన్‌కి మీ ఇష్టం, డిస్కో లైట్లే పెట్టుకోండి. ఇంకోటి, మధుపర్కాలు తెలుపు కదా, వెనకాల గోడంతా తెల్ల పూలు పెట్టించుకుంటే తెలుపులో తెలుపు కలిసిపోయి మనుషులు కనపడరు. అరటి పిలకలు, మామిడి తోరణాలు, ఆకుపచ్చ, ఎరుపు ఏదైనా పర్లేదు. పాత పందిళ్లలో తాటాకు మీద పడిన పెట్రోమాక్స్ వెలుగులో తీసిన బొమ్మలు ఇప్పటికీ చూడబుద్ధేస్తాయంటే వెనకాల అంత గోల లేకపోవడం వల్లే.

ఇక అసలు ఘట్టం. మనకు ముహూర్తమంటే జీలకర్ర బెల్లం. అడ్డుతెరకు అటొకరు ఇటొకరు, మంత్రాలు, బాజాలు ఒక్కసారిగా పెరుగుతాయి, తమలపాకులో పెట్టిన జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టాలి, తెర దిగుతుంది, చూపులు కలుస్తాయి, సరిగ్గా అప్పుడే హాల్లో ఉన్నవాళ్లందరూ అక్షింతలు పట్టుకుని స్టేజీ ఎక్కుతారు. ఈ గుంపుని తిట్టే ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. నేను తిట్టను, వాళ్లు ఆశీర్వదించడానికి వచ్చారు, మేం డబ్బులు తీసుకుని వచ్చాం, ఎవరు పక్కకు జరగాలో వేరే చెప్పాలా? కాకపోతే ఏర్పాటు ముందే చేసుకోవచ్చు. ఒక్క కెమెరాతో ఆ క్షణం రాదు, ఎందుకంటే తెర ఉన్నంతసేపూ ఒకవైపు నుంచి ఒకరే కనిపిస్తారు. అమ్మాయి వైపు ఒకరు, అబ్బాయి వైపు ఒకరు, ఇద్దరూ కూర్చునే తీయాలి, లేచి నిలబడితే ముందు వరసలో ఉన్న అమ్మమ్మకు మనవరాలి పెళ్లి బదులు మా వీపు కనిపిస్తుంది. మూడోవాడు ఎదురుగా దూరం నుంచి జూమ్‌తో. మంటపం ముందు రెండడుగుల వెడల్పున ఒక దారి వదిలేసి, అక్షింతలు వేసేవాళ్లు రెండు పక్కల మెట్ల నుంచి వచ్చి వెళ్లేలా ఇద్దరు బావలకో మేనమామలకో చెప్పి ఉంచండి. చుట్టాల మాట చుట్టాలే వింటారు, మేం చెప్తే "నువ్వెవడివోయ్" అంటారు.

పురోహితుణ్ని మాకు ముందురోజే పరిచయం చేయండి. నిజానికి పెళ్లికి డైరెక్టర్ ఆయనే. గోదావరి జిల్లాల్లో ఒక వరస, రాయలసీమలో ఒక వరస, తెలంగాణలో ఒక వరస, అందులో మళ్లీ మీ ఇంటి ఆచారం వేరు. మీ ఇంట్లో పెళ్లికూతుర్ని బుట్టలో తెస్తారా, నడిపించి తెస్తారా? మధుపర్కాలు ఎప్పుడు కట్టుకుంటారు? కాశీయాత్ర ఉందా? ఇవి ఆయనకు తెలుసు, మాకు తెలియవు, మీకు కూడా తెలియవని నాకు తెలుసు. కాళ్లు కడిగేటప్పుడు మైకు నోటికి అడ్డం లేకుండా కాలర్ మైకు పెట్టుకుంటారా అని మర్యాదగా అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. తాళి కట్టేటప్పుడు అబ్బాయి లేచి వంగుతాడు, చేతులు అమ్మాయి మొహానికి అడ్డం వస్తాయి, వెనక పది మంది వంగి చూస్తుంటారు. ఆ సమయంలో మీరిద్దరూ చేయాల్సింది చాలా తక్కువ: మూడు ముళ్లూ నిదానంగా వేయడం, అమ్మాయి గడ్డం కాస్త పైకి ఎత్తి ఉంచడం, కెమెరా వంక చూడకపోవడం. "బాబూ ఇటు చూడు" అని మంత్రం మధ్యలో అరిచే ఫోటోగ్రాఫర్ ఎవరైనా ఉంటే చూడకండి, చెప్తున్నాను.

"ఇంకోసారి కట్టినట్టు చేయండి" అనేవాళ్లు కూడా ఉన్నారు. దీనికి మాత్రం అస్సలు ఒప్పుకోకండి. రెండోసారి నటించిన మాంగల్యధారణ మొహంలో తెలిసిపోతుంది, పైగా పెద్దవాళ్లు మనసు కష్టపెట్టుకుంటారు. ఆ క్షణం దొరక్కపోతే దొరకలేదని ఒప్పుకోవాలి, ఒకరు కాకపోతే ఇంకొకరు పట్టుకునేలా ముగ్గుర్ని పెట్టుకోవడం అందుకే.

తలంబ్రాల గురించి సలహా అక్కర్లేదు. అప్పటికి మీ టెన్షన్ దిగిపోతుంది, ఇద్దరూ పోటీ పడతారు, ఆల్బమ్‌లో అందరూ ఆగి చూసే పేజీ అదే అవుతుంది. ఒక్కటే మనవి, థర్మోకోల్ బంతులు వద్దు. చెమటకు మొహానికి అతుక్కుని కూర్చుంటాయి, ఏడడుగుల దాకా గోళ్లతో గీరుకుంటూనే ఉంటారు. పసుపు బియ్యం చాలు, కావాలంటే కాసిని ముత్యాలు.

రాత్రి ముహూర్తానికి ఒక వరం కూడా ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. రెండింటికి లగ్నమైతే తాళి, తలంబ్రాలు, హోమం, సప్తపది అయ్యేసరికి నాలుగు దాటుతుంది. అరుంధతిని చూపించడానికి బయటికి తీసుకెళ్తారు. మాఘ ఫాల్గుణాల్లో ఆ వేళకు సప్తర్షి మండలం ఆకాశంలో బాగా పైకి వచ్చి ఉంటుంది, మబ్బు లేకపోతే వసిష్ఠుడి పక్కన ఆ చిన్న నక్షత్రం నిజంగానే కనిపిస్తుంది. ఊరికే వేలు చూపించి లోపలికి లాక్కొచ్చేయకుండా రెండు నిమిషాలు నిలబడనివ్వండి. ఆ తర్వాత ఆరు, ఆరున్నర మధ్యలో తెల్లారుతుంది చూడండి, నీడలు పడని ఆ మెత్తటి వెలుగు ముందు మేం మోసుకొచ్చిన లైట్లన్నీ దండగే. మధుపర్కాలు నలిగి ఉంటాయి, పూలదండ వాడిపోయి ఉంటుంది, బుగ్గన చుక్క సగం చెరిగి ఉంటుంది, కళ్లు ఎర్రగా ఉంటాయి. అలాగే రండి బయటికి, మేకప్ సరిచేసుకోకుండా. హాలు కాంపౌండులో వేపచెట్టు కిందైనా సరే పదిహేను నిమిషాలు ఇవ్వండి. ప్రీవెడ్డింగ్ కోసం పెట్టిన రెండు రోజుల ఖర్చు కంటే ఈ పదిహేను నిమిషాలు ఎక్కువ ఇస్తాయని నేను పందెం కాస్తాను.

కానీ సరిగ్గా ఆ టైముకి ఏం జరుగుతుందంటే, హాలు వాళ్లు లైట్లు ఆపడం మొదలుపెడతారు, డెకరేషన్ వాళ్లు పూలు పీకేస్తుంటారు, ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడుకున్న గంటలు అయిపోయి వాడు బ్యాగు సర్దుకుంటాడు, అటు అమ్మాయి అప్పగింతల్లో నాన్న చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటుంది. పెళ్లిలో ఎవరూ నటించని ఘట్టం అది, వెనకాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చే చప్పుడుతో రికార్డవుతుంది. హాలు బుకింగ్ చేసేటప్పుడే ఖాళీ చేసే టైము అడగండి, మాతో గంటల లెక్క మాట్లాడకుండా "అప్పగింతలు అయ్యేదాకా" అని రాయించుకోండి.

పగటి ముహూర్తం వాళ్లకు వేరే కష్టం. పదకొండింటికి లగ్నమంటే ఇంటి పసుపు, మంగళస్నానం తెల్లవారుజామున అయిపోతాయి, ఆ వెలుగు బంగారం, అప్పటికి మా టీమ్‌ని తప్పకుండా పిలవండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయట ఫోటోలు అడగొద్దు, ఎండ నడినెత్తిన ఉంటుంది, బాసికం నీడ కళ్ల మీద పడుతుంది. డిసెంబర్లో అయితే ఐదున్నర దాటితే వెలుగు పోతుంది, మేలో ఆరుంపావు దాకా టైముంటుంది, దాన్ని బట్టి రిసెప్షన్‌కి ముందు జంట ఫోటోలు పెట్టుకోండి. ముహూర్తానికి ముందు ఒకరినొకరు చూడకూడదనే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ ఇంట్లో పొద్దున్నే జంట ఫోటోలని గొడవ పెట్టుకోకండి, విడివిడిగా తీసుకుందాం. ముందురోజు సాయంత్రం రిసెప్షన్ పెట్టుకున్న ఇళ్లలో ఆ ఇబ్బందే లేదు, స్టేజీ ఎక్కకముందే ఇరవై నిమిషాలు మాకు వదిలేయండి. ఎక్కాక మీరు మా చేతుల్లో ఉండరు, కవరిచ్చి కెమెరా వైపు చూసే వరస రెండు మూడు గంటలు సాగుతుంది, ఆఖరికి వచ్చేసరికి మీ నవ్వు బిగుసుకుపోతుంది. మధ్యలో ఒకసారి దిగి మంచినీళ్లు తాగి రండి, వరస ఎక్కడికీ పోదు.

నిశ్చితార్థాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుని చుట్టాలబ్బాయి కెమెరాతో కానిచ్చేస్తారు. అది మీ చేతిలో ఉన్న ట్రయల్. పెళ్లికి ఎవర్ని పెట్టుకోవాలనుకుంటున్నారో వాళ్లనే నిశ్చితార్థానికి పిలిచి చూడండి, మీ తాతయ్యతో ఎలా మాట్లాడతాడో, చెప్పిన టైముకి వస్తాడో రాడో, ఫోటోలు ఎన్నాళ్లకిస్తాడో అప్పుడే తెలిసిపోతుంది. మీక్కూడా కెమెరా అలవాటవుతుంది. ఆ రోజు అందరి చూపూ ఉంగరాల మీదే ఉంటుంది, కానీ పెద్దవాళ్లకు అసలు కార్యక్రమం లగ్నపత్రిక చదవడం, తాంబూలాలు మార్చుకోవడం. రెండు జతల తల్లిదండ్రులు ఎదురెదురుగా కూర్చుని తాంబూలం చేతులు మారే ఆ ఫోటో సరిగ్గా లేని ఆల్బమ్‌లు ఎన్ని చూశానో. ఉంగరం తొడిగేటప్పుడు ఇద్దరూ చేతులు ఛాతీ ఎత్తులో ఉంచి, కాస్త కెమెరా వైపు ఓరగా తిరిగితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

ప్రీవెడ్డింగ్ షూట్ గురించి నన్నడిగితే, చేయించుకోకపోయినా ఏమీ తక్కువ కాదు. చేయించుకుంటానంటే మీకో మీ ఊరికో ఏదైనా సంబంధం ఉన్న చోటు చూసుకోండి. అబ్బాయిది కోనసీమ అయితే వాళ్ల కాలవ గట్టు ఉంది, కొబ్బరి తోట ఉంది, అది వదిలేసి హైదరాబాద్ శివార్లలో సెట్ వేసిన స్టూడియోలో ప్యారిస్ వీధి ముందు నిలబడటం ఏంటో నాకు అర్థం కాదు. లంబసింగి మంచు డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లోనే, ఏప్రిల్లో వెళ్తే ఫోటోల్లోకి మంచు రాదు. గండికోట సూర్యోదయానికి వెళ్లాలి, ఎండాకాలం మధ్యాహ్నం బరువైన లెహంగాతో ఆ రాళ్ల మీద నిలబడితే పెళ్లికి ముందే వడదెబ్బ తగులుతుంది. అక్కడ పెన్నా లోయ అంచున గాలికి చీర కొంగు ఎగరాలని వెనక్కి అడుగు వేయించే ఫోటోగ్రాఫర్ మాట వినకండి, పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. గోల్కొండ, లేపాక్షి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్, లైట్లు పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలుకుని లోపలికి పోదామనుకుంటే మధ్యలో ఆపేస్తారు. గుడిలో పెళ్లయితే ముందే కనుక్కోండి. తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు వెళ్లవు. అన్నవరం కొండ మీద మంచి ముహూర్తానికి పక్కపక్కనే ఎన్నో పెళ్లిళ్లు జరుగుతుంటాయి, మీ ఫోటోలో పక్క పెళ్లివాళ్లు కూడా ఉంటారు, అదో సరదా అనుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం ఇబ్బందైన విషయం. నాన్న లేని పెళ్లిళ్లలో పీటల మీద బాబాయి, పిన్ని కూర్చుంటారు, అమ్మ దూరంగా ఏ స్తంభం పక్కనో నిలబడి చూస్తుంటుంది. మాకు ఇచ్చే లిస్టులో పీటల మీదవాళ్ల పేర్లుంటాయి, ఆవిడ పేరుండదు. ఆచారం మారుస్తారా లేదా అన్నది మీ ఇంటి విషయం (మారిస్తే నాకు సంతోషమే), కానీ మాకు ఒక్క మాట చెప్పండి, అన్నా మా అమ్మ అక్కడ ఉంటుంది, ఒక కెమెరా ఆవిడ వైపు ఉంచండి అని. జీలకర్ర బెల్లం వేళ ఆవిడ మొహం కంటే గొప్ప ఫోటో ఆ హాల్లో ఇంకోటి ఉండదు. నానమ్మలు, తాతయ్యల సంగతి కూడా అంతే. రాత్రి తొమ్మిదింటికి భోజనం చేసి పడుకుంటారు, రెండింటికి లేపలేరు. వాళ్లతో ఫోటోలు సాయంత్రమే, వాళ్లు కొత్త పంచె, కొత్త చీర కట్టుకున్న అరగంటలోపే తీసుకోవాలి. ఎవరెవరితో గ్రూప్ ఫోటో కావాలో ఒక కాగితం మీద రాసి, అందర్నీ పేరు పెట్టి పిలవగల ఒక పెద్దమ్మ చేతికివ్వండి. మా చేతికిస్తే మాకు మీ పెదనాన్న ఎవరో మేనత్త మొగుడెవరో తెలియదు.

రంగు గురించి కూడా ఉంది. "అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి" అని అబ్బాయి తరఫు వాళ్లు ఒకసారి, అమ్మాయి వాళ్ల అమ్మే ఒకసారి ఫోన్ చేస్తారు. నేను చేయను. చామనఛాయ మొహాన్ని సున్నం కొట్టినట్టు చేస్తే పట్టుచీర రంగు, బంగారం రంగు అన్నీ వెలిసిపోతాయి, మెడ ఒక రంగు మొహం ఒక రంగు అవుతుంది, పదేళ్ల తర్వాత మీ పిల్లలు "ఈవిడెవరు?" అంటారు. మేకప్ ట్రయల్ రోజున మాత్రం ఒక పని చేయండి. గదిలో లైట్లు తగ్గించి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకోండి. సన్‌స్క్రీన్ కలిసిన ఫౌండేషన్లు, కొన్ని పౌడర్లు ఫ్లాష్ పడగానే మొహమంతా తెల్ల బూడిద రాసినట్టు చూపిస్తాయి, అద్దంలో అది తెలియదు. ఇంకా ముఖ్యం, మేకప్ మూడు గంటలు పడుతుందంటే నాలుగు గంటలు రాసుకోండి. పోయేది ఎప్పుడూ ఫోటోల టైమే, ముహూర్తం ఆగదు కదా.

డ్రోన్ మోజు మీకెంతో మీ తమ్ముళ్లకు అంతకంటే ఎక్కువ. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు చిన్నవాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అంతకు మించిన దాన్ని డబ్బులు తీసుకుని ఎగరేసేవాడికి సర్టిఫికెట్ ఉండాలి, విమానాశ్రయాల దగ్గరైతే అనుమతి లేకుండా ఎగరేయకూడదు. గన్నవరం, శంషాబాద్ చుట్టుపక్కల హాళ్లవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఊరేగింపుకి ఐదు నిమిషాలు చాలు. మంత్రాలు చదువుతుంటే మంటపం నెత్తి మీద అది రొద పెడుతుంటే ఎవరికి బాగుంటుంది? నిప్పురవ్వల మెషీన్లు పట్టుచీరలకు దూరంగా పెట్టించండి, అంతకంటే చెప్పను.

ఒప్పందం రాసుకోండి, చుట్టాలైనా సరే, నేనైనా సరే. మూఢం పోయి ఒక్కసారిగా ముహూర్తాలు మొదలైనప్పుడు మంచిరోజు ఒకే ఫోటోగ్రాఫర్ పేరు మీద మూడు నాలుగు పెళ్లిళ్లు ఉంటాయి, మీరు చూసి మెచ్చిన ఫోటోలు తీసినవాడు వేరేచోట ఉంటాడు, మీ దగ్గరికి ఇంకెవరో వస్తారు. ఎవరొస్తారో పేర్లతో రాయించుకోండి. కెమెరాలో రెండు కార్డుల మీద ఒకేసారి రికార్డవుతుందా, పెళ్లయిన రోజే రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేస్తారా అడగండి, పెన్‌డ్రైవ్‌లో పెట్టిందాన్ని బ్యాకప్ అనరు. కరిజ్మా ఆల్బమ్‌కి (ఫోటోలు అంటించకుండా పేజీల మీదే అచ్చు వేసే ఆల్బమ్) ఎన్ని షీట్లు, అదనపు షీటుకి ఎంత, వీడియో ఎన్నాళ్లకు, అన్నీ కాగితం మీద ఉండాలి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోలకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అందుకే కొందరు ఒప్పందంలో చిన్న అక్షరాల్లో "ఫోటోలు మా ప్రచారానికి వాడుకుంటాం" అని రాసి సంతకం పెట్టించుకుంటారు. చదివి పెట్టండి. మంగళస్నానం ఫోటోలు ఊరంతా చూడటం మీకిష్టం లేకపోతే అక్కడే కొట్టేయండి, మంచివాడెవడూ ఏమీ అనుకోడు. అమెరికాలో ఉన్న అన్నయ్య కోసం యూట్యూబ్ లైవ్ పెట్టిస్తే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టించండి. పెళ్లిలో పాటలు వేసుకోవడాన్ని చట్టం తప్పనదు కానీ యూట్యూబ్ లెక్క వేరు, సినిమా పాట మోగగానే లైవ్ ఆగిపోవచ్చు, అక్కడ అన్నయ్య తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. సన్నాయి మేళం ఉంటే ఆ బెడదే తక్కువ.

మా టీమ్ కుర్రాళ్లకు భోజనం ముహూర్తానికి రెండు గంటల ముందే పెట్టించండి. ఆఖరి బంతి దాకా ఆగమంటే అప్పటికి అన్నం, సాంబారే మిగులుతాయి, అది పర్లేదు కానీ అందరూ తినేటప్పుడు మేం తీస్తుంటాం, అందరూ తిన్నాక పెళ్లి మొదలవుతుంది.

చివరిగా ఆల్బమ్. ఫోటోలు లింకులో పంపిస్తాం, "సెలెక్ట్ చేసి పంపుతాం అన్నా" అంటారు, హనీమూన్, ఉద్యోగం, కొత్త కాపురం, ఇక ఆ ఫోల్డర్ తెరవరు. కొన్ని నెలలకు అమ్మ ఫోన్ చేసి ఆల్బమ్ ఎందుకివ్వలేదని మమ్మల్ని అడుగుతుంది. ఇలా చేద్దాం: ఆషాఢంలో ముహూర్తాలుండవు, మాకూ ఖాళీ, చాలా ఇళ్లలో అమ్మాయి ఎలాగూ పుట్టింటికొస్తుంది. ఒక మధ్యాహ్నం అమ్మని, అత్తగారిని, ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని టీవీకి పెట్టి చూడండి. మీరు వదిలేసిన ఫోటోల్లోంచి వాళ్లు కొన్ని తీస్తారు, గొడవ పడతారు, పడనివ్వండి. శ్రావణ శుక్రవారాలు మొదలయ్యేలోపు లిస్టు నాకు పంపారంటే దసరాకి ఆల్బమ్ మీ ఇంట్లో ఉంటుంది. శ్రావణం వచ్చాక పంపితే మాత్రం నన్ను తిట్టొద్దు, మళ్లీ ముహూర్తాలు మొదలైపోతాయి.

ఇట్లు,
మీ పెళ్లిలో ఏ ఫోటోలోనూ కనపడని ఒక ఫోటోగ్రాఫర్